అరిగిన గేరు పెట్టెను బాగుచేయుట

కొన్నియేండ్ల క్రిందట రాయగడ ప్రాంతపు కొండదారిలో ఒక పాత జీపు రెండవ గేరులో దిగుచుండెను. అందు నేనును ఉంటిని. ఒక మలుపువద్ద 'టక్కు'మని చప్పుడై, గేరు మీట తనంత తాను వెనుకకు జరిగి నడిమికి వచ్చెను. ఇంజిను పట్టు విడిపోయి బండి వేగము పుంజుకొన్నది. డ్రైవరు బ్రేకు నొక్కి, చేతిబ్రేకును లాగి, బండిని కొండవైపు గట్టునకు ఆనించి ఆపెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. క్రిందికి దిగి చెమట తుడుచుకొనుచు అతడు, "ఆర్నెల్లుగా ఇదే వరస మాస్టారూ. మీట చేత్తో పట్టుకునే దిగుతున్నాను" అనెను.

ఆ యారునెలలలో గేరు పెట్టె చెప్పుచుండిన మాట యేమో, దానిని ముందే విని బాగుచేయు విధమెట్టిదో ఈ వ్యాసమున వివరింతును.

మొదట గేరు పెట్టె చేయు పని తెలిసికొనవలెను. పొట్టి గునపముకంటె పొడుగు గునపముతో బండను కదల్చుట సులువు. కాని చేయి ఎక్కువ దూరము కదలవలెను. దంతచక్రములును ఇట్టివే. చిన్నచక్రము పెద్దచక్రమును త్రిప్పినచో వేగము తగ్గి త్రిప్పుబలము పెరుగును. 1945లో విల్లీస్ సంస్థ పౌరుల వాడుకకు విడుదలచేసిన సిజె-2ఎ జీపులో టి-90 అను మూడు గేర్ల పెట్టె ఉండెను. తరువాతి సిజె-3బి జీపులోను అదియే ఉండెను. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను కూర్చనారంభించినందున, మన దేశపు పాత జీపులలో ఈ పెట్టె తరచుగా కానవచ్చును.

ఈ పెట్టెలో మొదటి గేరున ఇంజిను 2.798 చుట్లు తిరిగిన, పెట్టెనుండి వెలువడు షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును. సిజె-3బి ఇరుసులోని చక్రములు దానిని మరల 5.38 రెట్లు తగ్గించును. ఈ రెంటిని గుణించినచో ఇంజిను సుమారు 15 చుట్లు తిరిగిన బండిచక్రము ఒక్క చుట్టు తిరుగునని తేలును. గేరు పెట్టె వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసులో తక్కువ వేగపు గేరు వేసినచో మరియొక 2.46 రెట్లు తగ్గి, లెక్క సుమారు 37 అగును. బురదలోను ఏటవాలులోను జీపు ప్రాకుటకు కారణ మిదియే.

ఇక గేరు ఎందుకు జారునో చూతము. రెండవ గేరు చక్రములు ఎల్లప్పుడును ఒకదానితో నొకటి కలిసియే తిరుగుచుండును. మీట కదపగా ఫోర్కు అను రెండు కొమ్ముల ఇనుపముక్క, స్లీవు అను కంకణమును జరిపి, ఆ చక్రమును షాఫ్టునకు బిగించును. బిగింపునకు ముందు సింక్రో రింగు అను కంచుకంకణము చక్రపు మెడను ఒరసికొని, రెండింటి వేగమును సమము చేయును. మొదటి గేరునకు ఈ యేర్పాటు లేదు. కావుననే బండి పూర్తిగ నిలిచిన పిదపనే దానిని వేయవలెను. తొందరపడినవారి పెట్టెలో ఆ చక్రపు పళ్ల అంచులు పగిలియుండును.

స్లీవు పళ్లు కొత్తగా నున్నపుడు వాని అంచులు నిటారుగా నుండి గట్టిగా పట్టుకొనును. అరిగిన కొలది అవి వాలుదేరును. కొండ ఎక్కునపుడు ఇంజిను బండిని లాగును. దిగునపుడు బండియే ఇంజినును త్రిప్పును. అప్పుడు పళ్లపై ఒత్తిడి ఎదురుదిక్కునకు మారును. వాలుదేరిన పళ్లు జారి స్లీవును వెనుకకు నెట్టివేయును. అందుచేతనే గేరు చదునునేలమీద నిలిచి, అపాయమైన దిగుడులోనే ఊడును. మీటను చేతితో పట్టుకొనుట దీనికి మందు కాదు. ఆ యొత్తిడికి ఫోర్కు కూడ అరిగి రోగము ముదురును.

పెట్టె విప్పకముందే చెవితో చేయదగిన పరీక్షలు కలవు. బండి నిలిచి, గేరు నడిమిలో నుండగా గరగర వినబడి, క్లచ్ త్రొక్కగానే ఆగినచో, టాప్ షాఫ్టు బేరింగునో, క్రింది లే షాఫ్టు రోలర్లనో అనుమానింపవలెను. క్లచ్ త్రొక్కినప్పుడే చప్పుడు వచ్చినచో లోపము క్లచ్ బేరింగులో నుండవచ్చును. మొదటి రెండు గేర్లలో మ్రోగి మూడవ గేరులో తగ్గినచో లే షాఫ్టును చూడవలెను. ఏలయన మూడవ గేరులో బలము టాప్ షాఫ్టునుండి మెయిన్ షాఫ్టునకు తిన్నగా పోవును, లే షాఫ్టుపై భారము పడదు. ఒక్క గేరులోనే మ్రోగినచో ఆ గేరు చక్రములదే దోషము.

గేరు వేయునపుడు పళ్లు కరకరలాడినంత మాత్రమున పెట్టెను దూషింపరాదు. క్లచ్ పూర్తిగా విడువకున్నను అట్లే యగును. ఇంజినును నెమ్మదిగా నడుపుచు, క్లచ్ త్రొక్కి కొన్ని క్షణము లాగి, వెనుక గేరు వేసి చూడుడు. అప్పటికిని కరకర వినబడినచో ముందు క్లచ్‌ను సరిచేయింపవలెను. నూనెమట్టమును కూడ చూడవలెను. నూనెలో సన్నని బూడిదరంగు పొడి సామాన్యమైన అరుగుదల. పంటిముక్కలు, పొరలు కనబడినచో బండిని నడుపరాదు. సామాన్యముగా 90 చిక్కదనపు గేరు నూనె తగును. జిఎల్-5 తరగతి నూనెలు కొన్నింటిలోని గంధకపు మందులు కంచు రింగులను తినివేయగలవు కావున, పాత పెట్టెకు జిఎల్-4 తరగతి మేలు.

విప్పుట యనివార్యమైనచో చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, బండిని దృఢమైన దిమ్మలపై నిలుపవలెను. ఒక్క జాకీని నమ్మి ఎవ్వరును బండి క్రిందికి దూరరాదు. పెట్టె విప్పిన పిదప స్లీవు పళ్లను, ఫోర్కు కొనలను, మీటను పట్టియుంచు గుండ్లను స్ప్రింగులను, షాఫ్టు ముందువెనుకల కదలికను వరుసగా పరీక్షింపవలెను. సింక్రో రింగును చక్రపు మెడపై నొక్కి త్రిప్పినపుడు అది పట్టుకొనవలెను. జారినను, రింగునకు చక్రమునకు నడుమ సందు లేకున్నను దాని యాయుస్సు తీరినదే.

ఇచట పలువురు చేయు పొరపాటు కలదు. దంతచక్రపు ఉక్కు పైపొర మాత్రమే మిక్కిలి గట్టిపరుపబడి యుండును. ఆ పలుచని పొర లేచినచో లోపలి మెత్తని యుక్కు త్వరగా అరుగును. విరిగిన పంటికి వెల్డింగు పెట్టి ఆకురాతితో అరుగదీసినను ఆ గట్టిదనము రాదు. కావున చక్రమును మార్చవలెను. దానితో ఒరసికొను జతచక్రమును కూడ మార్చుట మంచిది. పాత పళ్లు అరిగిన రూపమునకు కొత్తపళ్లు సరిపడక, మ్రోతయు అరుగుదలయు మరల మొదలగును. బేరింగు లరిగి షాఫ్టు వాలియున్నచో, ఎంత కొత్త చక్రము వేసినను వ్యర్థమే.

"అరిగిన పెట్టె తీసి నాలుగు గేర్ల పెద్దపెట్టె వేసినచో మేలుకాదా?" అని యడుగువారు కలరు. బరువులు లాగువారికి దానివలన లాభము కలదు. కాని సిజె-3బి ముందువెనుక ఇరుసుల నడిమి దూరము 80 అంగుళములే. పెట్టె పొడుగైనచో ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకకు జరుగును. వెనుక ప్రొపెల్లర్ షాఫ్టును కత్తిరింపవలెను, ముందుదానిని పొడిగింపవలెను. పొట్టిదైన వెనుక షాఫ్టు నిటారుగ వాలి, దాని కీళ్లు త్వరగా అరుగును. హెచ్చిన త్రిప్పుబలమును ఇరుసులు కూడ ఓర్వవలెను. మొదటి గేరు, తక్కువ వేగపు గేరు కలిపి 37 రెట్ల లెక్క చాలువారికి ఉన్న పెట్టెను సరిగా బాగుచేయించుటయే ఉత్తమము.

బాగుచేయించిన పిదప వాడుక మారకున్న ఫలము లేదు. ఈ జీపులలో ముందువెనుక ఇరుసుల వేగభేదమును సర్దు సాధనము ట్రాన్స్‌ఫర్ కేసులో లేదు. గట్టి తారురోడ్డుపై నాలుగు చక్రముల డ్రైవు వేసి మలుపులు తిరిగినచో బలము లోలోపల మెలిపడి చక్రములను నలుపును. ఆ డ్రైవును జారుడునేలకే వాడవలెను. గేరు మీటపై చేయి ఆనించి కూర్చుండరాదు. దిగుడులో గేరు తీసి వదలరాదు.

నేను చెప్పిన జీపును మరునాడు షెడ్డులో విప్పిరి. స్లీవు పళ్లు వాలియుండెను, ఫోర్కు ఒక కొన సగము అరిగియుండెను, నూనె అడుగంటియుండెను. స్లీవు, ఫోర్కు, రెండవ గేరు జత, బేరింగులు మార్చిరి. ఆ డ్రైవరు మరల అదే దారిని మీటపై చేయి వేయకయే దిగెను.

తలిదండ్రులారా, మీ పిల్లలు ఎక్కు బండి దిగుడులో ఒక్కసారి గేరు విడిచినదని తెలిసినను, రెండవసారి ఆ కొండ నెక్కనీయకుడు. విద్యార్థులారా, మీలో కొందరు రేపు షెడ్డులలో పనిచేయుదురు. అరిగిన ముక్కను మార్చుటతో తృప్తిపడక, అది యెందుకు అరిగెనో అడిగి తెలిసికొనుడు.