అరికాలు చూసేదెవరు?

షుగర్ ఉన్న పెద్దవాళ్ల కాలికి పుండు పడి, ముదిరి, పాదం తీసేయాల్సి వస్తే ఆ ఖర్చుకు ప్రభుత్వ పథకాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఆదుకుంటాయి. డెబ్బయ్యేళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరులో కేంద్రం వర్తింపజేసింది. కానీ ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసం పెట్టినవి. పుండు పడకముందే ఏడాదికోసారి ఆ పాదాన్ని పట్టి చూడడం, ఆనెకాయ తీయడం, మందంగా పెరిగిన గోరు కత్తిరించడం, తగిన చెప్పులివ్వడం మాత్రం ఊళ్లో ఎవరి బాధ్యతగానూ స్థిరపడలేదు. కాలు తీయడానికి దొరికే ప్రజాధనం కాలు నిలపడానికి దొరకకపోవడం అన్యాయం. కావలసిన విద్య మన పక్కనే పుట్టింది కనుక, ఈ అన్యాయానికి సాకు కూడా లేదు.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఒక సంగతి గట్టిగా నిరూపించారు. ఆ రోగుల వేళ్లు, పాదాలు వాటంతటవి కుళ్లిపోవు. నొప్పి తెలియక, ముల్లు గుచ్చుకున్నా బొబ్బ లేచినా అలాగే నడవడం వల్ల పాడవుతాయి. 1960లలో అమెరికాలోని కార్విల్‌కు వెళ్లాక, షుగర్‌తో నరాలు దెబ్బతిన్న పాదాలకూ ఆయన ఇదే అవగాహనను వర్తింపజేశారు. కుష్ఠు రోగుల కోసం వాడిన మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులే ఇప్పుడు షుగర్ రోగులకూ పనికొస్తున్నాయి. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని అంచనా వేసింది. వయసుతో పాటు నరాల తిమ్మిరి, రక్తప్రసరణ లోపం పెరుగుతాయి కనుక ఈ లెక్కలో ముసలి పాదాలదే పెద్ద ప్రమాదం. కాలు తీసేయాల్సి వచ్చిన షుగర్ రోగుల్లో దాదాపు సగం మంది అయిదేళ్లలోపే చనిపోతున్నారని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

పాదవైద్యులే లేని చోట ఈ పని ఎవరు చేస్తారని అడగవచ్చు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యం కింద షుగర్ రోగులకు ఏటా పాదపరీక్ష జరుగుతుంది. అలాంటి పరీక్షలో తొలి మెట్టుకు పెద్ద నిపుణుడు అక్కర్లేదు. రోగిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో తేలిగ్గా తాకి, తెలిసిందా అని అడగడమే. ఆరింటిలో రెండో అంతకన్నా ఎక్కువో తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టు. ఏఎన్ఎం నిమిషంలో చేయగలదు. పైగా ముప్పై ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో అరికాలి తిమ్మిరి, అక్కడ మళ్లీ మళ్లీ పడే పుండు గురించి ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. కుష్ఠును పట్టుకోవడానికి పెట్టిన ఆ ప్రశ్నలకు షుగర్ రోగి అవునంటే, పల్లె దవాఖానాలోనో విలేజ్ క్లినిక్‌లోనో పాదం చూడాలన్న నియమం కలిస్తే చాలు.

కాళ్లు కడుక్కుని చూసుకోవడం ఎవరి పని వాళ్లదే, లేదా పిల్లల పని అనేవాళ్లూ ఉన్నారు. యౌవనంలో ఉన్నవారి విషయంలో అది నిజమే. చూపు మందగించి, నడుము వంగక, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, డెబ్బై అయిదేళ్ల మనిషి తన అరికాలు ఎలా చూసుకుంటుంది? నొప్పి తెలిసే పాదమైతే తనే చెప్పుకునేది.

చెప్పులిచ్చినా వేసుకోరన్న అభ్యంతరంలో మాత్రం బలముంది. ఇంట్లో, గుడిలో మనం చెప్పులు విడుస్తాం, ఎండకు కాలిన గుడి బండ మీద తిమ్మిరి పాదం బొబ్బ లేస్తుంది. ఎం.సి.ఆర్. చెప్పులు చూడగానే కుష్ఠు గుర్తొచ్చి, ఊళ్లో ఏమనుకుంటారోనని మూల పడేసేవారూ ఉంటారు. దీనికి మందలింపు పనిచేయదు. మామూలు చెప్పుల్లా కనిపించే నమూనాలు తయారు చేయించాలి, ఇంట్లో వేసుకోవడానికి విడిగా ఒక జత ఇవ్వాలి, అరిగాక కొత్త జత ఇవ్వాలి. అమెరికా మెడికేర్ అర్హులైన షుగర్ రోగులకు ఏటా ఒక జత ప్రత్యేక బూట్ల ఖర్చులో ఎక్కువ భాగం భరిస్తోంది. మన పథకాలూ ఈ చెప్పులను శస్త్రచికిత్సల జాబితా పక్కనే, బీపీ మాత్రలిచ్చినట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చేలా చేర్చుకోవాలి.