పాటను మోసే నాలుగు తీగలు

ఫంక్, ర్యాప్, రాక్... మూడింటిలోనూ చేయి తిరిగిన బేస్ గిటారిస్టు డగ్ వింబిష్. నలభై ఏళ్లకు పైబడిన ఆయన ప్రయాణంలో మన వాద్యకారులకూ, శ్రోతలకూ పాఠాలున్నాయి.

తిరుపతి గంగమ్మ జాతరలో డప్పుల దరువు చెవికన్నా ముందు గుండెకు తగులుతుంది. కచేరీకి కూర్చునే ముందు మృదంగ విద్వాంసుడు ఎడమవైపు తొప్పికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతాడు. ఆ బరువుకే నాదం కిందికి దిగి గంభీరమవుతుంది. కచేరీ అయ్యాక ముద్దను గీకేస్తాడు. టీటీడీ 1959లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు మనది. కింది నాదం విలువ ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా సినిమా పాటలో ఆ నాదాన్ని పలికించే బేస్ గిటారిస్టు పేరు అడిగితే మనలో చాలామందికి నోరు పెగలదు.

ఫోనులో వినపడని స్వరం

బేస్ గిటారుకు మామూలుగా నాలుగే తీగలు. మామూలు గిటారులోని లావు తీగల స్వరాలే, ఒక స్థాయి కిందికి దించి శ్రుతి చేస్తారు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. సెల్‌ఫోన్ స్పీకరు అంత కింది స్వరాన్ని సరిగా పలికించలేదు. అందుకే పాట నోటికి వచ్చినా బేస్ మన చెవిన పడదు. ఒక చేత్తో డ్రమ్మర్ తాళాన్నీ, మరో చేత్తో గాయకుడి శ్రుతినీ పట్టుకుని నడిచేవాడు బేస్ వాద్యకారుడు. అతను తప్పితే పాటంతా తప్పుతుంది.

ఫంక్ నుంచి ర్యాప్‌కు

వింబిష్ 1956లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. మొదట గిటారు, తర్వాత బేస్ పట్టారు. 'వుడ్, బ్రాస్ అండ్ స్టీల్' అనే ఫంక్ బృందంలో చేయి సాధించారు. ఫంక్‌కు ఆవర్తనంలోని మొదటి దెబ్బే ప్రాణం. అది సరిగ్గా పడితే మిగతాదంతా దారిలో పడుతుంది.

1979లో షుగర్‌హిల్ రికార్డు సంస్థ 'ర్యాపర్స్ డిలైట్' విడుదల చేసి ర్యాప్‌ను ఇంటింటికీ చేర్చింది. ఆ పాటకు వెన్నెముక 'షిక్' బృందం వాళ్ల 'గుడ్ టైమ్స్'లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన బేస్ వరుస. మొదట్లో రికార్డు మీద ఆయన పేరు లేదు. హక్కుల కోసం పట్టుబట్టాకే ఎక్కింది.

అప్పట్లో పాత రికార్డు ముక్కలను కత్తిరించి అతికించే యంత్రాలు వాడుకలోకి రాలేదు. ర్యాప్ పాటకూ బృందం కూర్చుని వాయించాల్సిందే. షుగర్‌హిల్‌లో ఆ పని వింబిష్, గిటారిస్టు స్కిప్ మెక్‌డొనాల్డ్, డ్రమ్మర్ కీత్ లెబ్లాంక్ భుజాన పడింది. పేదల వాడల బతుకును పాటగా మార్చిన 1982 నాటి 'ది మెసేజ్'లోనూ వింబిష్ చేయి ఉంది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరుతో ఆ రికార్డు లోకమంతా తిరిగింది. నిజానికి ఆ రికార్డింగులో ఫ్లాష్ లేనే లేరు! అట్ట మీద పేరు ఒకరిది, లోపల కష్టం మరొకరిది.

రాక్ వేదిక మీదికి

1980ల నడుమ వింబిష్, మెక్‌డొనాల్డ్, లెబ్లాంక్ ముగ్గురూ లండన్‌లో నిర్మాత ఏడ్రియన్ షెర్‌వుడ్‌తో కలిసి 'ట్యాక్‌హెడ్' బృందం కట్టారు. 1992లో వింబిష్ నల్లజాతి రాక్ బృందం 'లివింగ్ కలర్'లో చేరారు. మరుసటి ఏడు వచ్చిన 'స్టెయిన్' ఆల్బమ్‌లో ఆయన బేస్ గర్జిస్తుంది. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌కు వాయించారు, ఆ బృందం 1997 ఆల్బమ్ 'బ్రిడ్జెస్ టు బాబిలాన్'లోనూ వాయించారు.

ఇన్ని వీధులు ఎలా తిరగగలిగారు? ర్యాప్‌లో మాటకు చోటు విడవాలి, రాక్‌లో గిటారు హోరుకు ఎదురు నిలవాలి. ఎక్కడ వాయించాలో, ఎక్కడ ఆగాలో ఫంక్ ఆయనకు ముందే నేర్పింది. పునాది గట్టిగా ఉన్నవాడికి ఏ బాణీ అయినా సొంత బాణీయే.

మన పాటలో ఆ చేయి ఎవరిది?

ఇళయరాజా స్వరపరిచిన 'గీతాంజలి', 'శివ' సినిమాలు 1989లో వచ్చాయి. ఆ పాటలను ఒక్కసారి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతును వదిలేసి అడుగున నడిచే బేస్‌ను మాత్రమే పట్టుకుని వినండి. తెలిసిన పాటలోనే ఇంకో పాట వినిపిస్తుంది. ఆ క్యాసెట్లు చిత్తూరు, తిరుపతి వీధుల్లో అరిగిపోయేదాకా మోగాయి. అట్ట మీద గాయకులు, కవి, సంగీత దర్శకుడు కనిపించేవారు. బేస్ వాయించినవారు ఎక్కడ?

అట్ట మీద చోటు లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. యూట్యూబ్‌లో పాట కింద ఎన్ని పేర్లయినా పడతాయి. పాట విడుదల చేసే ప్రతి సంస్థా వాద్యకారులందరి పేర్లూ రాయాలి. జాతరకో, చవితి పందిరికో ఆర్కెస్ట్రాను పిలిచే కమిటీ పెద్దలు గాయకుడితో పాటు వెనక నిలబడ్డ బేస్ కుర్రాడి పేరూ మైకులో చెప్పించాలి. గిటారు నేర్చుకుంటానని మారాం చేసే పిల్లల్లో ఒకరికైనా బేస్ కొనిపెట్టండి. పాటను మోసేవాడికి పేరు దక్కడం దయ కాదు, అది అతని హక్కు.