దేవుని ఓర్పు గడువే గానీ మాఫీ కాదు

చిక్కపేట పట్టు వ్యాపారంలో ఉన్న మన తెలుగువారికి వాయిదా సంగతి తెలుసు. గడువు పెరిగితే బాకీ పోదు, తీర్చుకునే వీలు దొరుకుతుంది. బైబిలు చెప్పే దేవుని దీర్ఘశాంతాన్ని మేము అలాగే అర్థం చేసుకుంటున్నాం. తీర్పు దినం ఇంకా రాలేదంటే దేవుడు మరచాడని కాదు, అందరూ మారుమనస్సు పొందాలని ఆగుతున్నాడని పేతురు రెండవ పత్రిక సారం. లూకా సువార్తలో తోటమాలి కాయని అంజూరపు చెట్టుకు మరో ఏడాది గడువు అడుగుతాడు. ఊరికే కాదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు.

తెలుగునాట నెల్లూరు బాప్టిస్టు మిషన్ ఇందుకు ఉదాహరణ. 1840 నుంచి ఏళ్ల తరబడి ఫలితం కనబడక, మూసేద్దామన్న మాట 1853లో అమెరికాలో వచ్చింది. మూయలేదు. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకుని పేదలకు కూలి ఇప్పించారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అక్కడ ఓర్పు పట్టడమంటే చేతులు ముడుచుకోవడం కాదు, ఆకలిగొన్నవారికి పని చూపడం. మత్తయి 25వ అధ్యాయం ప్రకారం కడపటి తీర్పులో లెక్కకు వచ్చేదీ అదే: ఆకలిగొన్నవారికి అన్నం, పరదేశికి చోటు. పొరుగు రాష్ట్రం వచ్చి బతుకుతున్న మనకు ఆ రెండో మాట బాగా తెలియాలి. కొత్తగా వచ్చిన వారికి గది, పని చూపించడం గడువు ఉండగానే చేయాల్సిన పని.