గాలిలో పడవను రేవు వెడలించుట

హుస్సేన్ సాగరముపై తెరచాప పడవల పందెములు చూచిన విద్యార్థులకు గాలి పడవకు మిత్రమని తోచును. ఆ గాలియే రేవులో కట్టియున్న మరపడవకు ఎంతటి చిక్కు తెచ్చిపెట్టునో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

విహార నౌకలు నిలుపు రేవును మెరీనా యందురు. కొచ్చిలోని బోల్గట్టి దీవియందు అట్టిది కలదు. నీటిపై తేలు సన్నని వంతెనల నడుమ ఒక్కొక్క పడవకు గుఱ్ఱపుసాలలోని అరవలె ఇరుకైన చోటుండును. దానికి స్లిప్ అని పేరు. ప్రక్కన పరుల పడవ. వెనుక ఇరుకైన నీటిదారి. పడవ ముందుకొనను అణియమనియు, వెనుకకొనను అమరమనియు మన పల్లెకారులు పిలుతురు. అణియము లోపలికుండ కట్టిన పడవ వెనుకకు నడచుచునే బయటపడవలెను.

చిక్కంతయు ఈ వెనుక నడకలోనే యున్నది. చుక్కాని తనంతట తాను పడవను త్రిప్పజాలదు. దాని ప్రక్కగా నీరు పారినప్పుడే దానికి బలము. ముందుకు నడుపునప్పుడు మరచక్రము చిమ్ము నీరు సూటిగా చుక్కానిపై పడును గనుక పడవ వేగమందుకొనక మునుపే అది పనిచేయును. వెనుకకు నడుపునప్పుడా నీరు అణియము వైపు పోవును. కొంత వేగము వచ్చువరకు చుక్కాని యున్నను లేనట్లే. మోటారుకారును వెనుకకు నడుప నేర్చినవాడు ఇచ్చటనే మోసపోవును. ఇదిగాక, ముందు నడకలో గడియారపు ముల్లువలె తిరుగు చక్రమైనచో, వెనుక గేరు వేయగానే అమరము ఎడమకు జరుగును.

ఇక గాలి సంగతి. వేగము రెట్టింపైన దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. 10 నాట్ల గాలిలో, అనగా గంటకు సుమారు 18 కిలోమీటర్ల గాలిలో, అవలీలగా వెడలిన పడవ 20 నాట్ల గాలిలో మాట వినదు. అణియము నీటిలో లోతుగా దిగియుండదు. కావున అదియే ముందుగా కొట్టుకొనిపోవును. గాలి కుడినుండి వీచినచో అణియము ఎడమ పొరుగు పడవ మీదికి పోవును. చక్రము అమరమును సైతము ఆ దిక్కునకే లాగును.

ఉర్దూలో నౌకాధిపతిని నాఖుదా యందురు. ఆ పారశీక పదములోని నావయు మన నావయు ఒక్క మూలమునకు చెందినవే. ఆ నాఖుదా నేర్పు యంత్రమునకన్న మోకునందే ఎక్కువగా కనబడును. మొదట గాలి చాటు వైపు మోకులు విప్పవలెను. అవి వదులుగానే యుండును. గాలి వచ్చు వైపు అణియపు మోకును వంతెన మీది గుంజకు ముడివేయక చుట్టి త్రిప్పి, రెండు కొనలును పడవలోనే ఉంచుకొనవలెను. పడవ వెనుకకు జరుగుకొలది ఒకరు ఆ మోకును కొద్దికొద్దిగా సడలించుచుందురు. అణియము గాలికి లొంగక వంతెననంటియే సాగును. ఈలోగా వేగము హెచ్చి చుక్కానికి పట్టు దొరకును.

అప్పటికిని పొరుగు పడవను తాకునేమో యనిపించిన, నడుమ రబ్బరు బుంగను దింపవలెనే కాని చేయియో కాలో అడ్డుపెట్టరాదు. టన్నుల బరువు ఎముకకు ఆగదు. పొరుగువాని రంగు గీసికొనిపోయిన మరల వేయించవచ్చును.

అణియము వంతెన దాటగానే మోకు ఒక కొనను విడిచి, రెండవ కొనతో చరచర లోనికి లాగుకొనవలెను. అది పూర్తిగా పడవలోనికి వచ్చినదని కేకవేసి చెప్పిన పిదపనే ముందు గేరు వేయుదురు. నీట వ్రేలాడు మోకు మరచక్రమునకు చుట్టుకొన్నచో యంత్రమాగును; గాలి పడవను మరల ఆ పొరుగువాని మీదికే తెచ్చును.