ముందు ఆగాలి... తర్వాతే పరుగు!

తాతల నాటి జీపు పెరట్లో తుప్పు పడుతోందా? తుక్కు కొట్లో తూకానికి వేసే ముందు ఒక్క మాట. నాలుగు పానాలు, బోలెడంత ఓపిక, కొన్ని ఆదివారాలు ఉంటే ఇంటి దగ్గరే దాన్ని మళ్లీ నడిపించొచ్చు. కాకపోతే ఆ పనికో వరస ఉంది!

ఒకప్పుడు ఊళ్లోకి జీపొచ్చిందంటే ఏదో విశేషం ఉన్నట్టే. దుమ్ము లేపుకుంటూ వస్తే తాసీల్దారో, పోలీసులో. మైకు కట్టుకుని వస్తే ఎన్నికలు. లోపల పదిమంది, వెనక కడ్డీ పట్టుకుని మరో నలుగురు వేలాడుతుంటే ఆ రోజు సంత. పగలు ఎరువు బస్తాలు మోసి, సాయంత్రం పెళ్లివారిని దించి, అర్ధరాత్రి నొప్పులు పడుతున్న కోడల్ని పట్నం ఆస్పత్రికి చేర్చిన జీపులెన్నో!

ఇప్పుడవి చాలావరకూ తుక్కులో కలిసిపోయాయి. మిగిలినవి గడ్డివాము పక్కనో, చింతచెట్టు కిందో గాలి లేని టైర్ల మీద కూర్చున్నాయి. ఇంటి పెద్దాయన పోయాక ‘అమ్మేద్దాం’ అనేవారొకరు, ‘నాన్న గుర్తు, ఉండనీ’ అనేవారొకరు. ఈలోగా వానలు దాని పని అవి చేసుకుపోతుంటాయి. మూడో దారి ఒకటుంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడం. అమెరికాలో ఇళ్ల గ్యారేజీల్లో పాత పికప్ ట్రక్కుల్ని బాగుచేసుకోవడం ఎంత ముచ్చటైన వ్యాపకమో, మన దగ్గర జీపు అలాంటిది.

మీది ఏ జీపు?

రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 1945లో ‘మహీంద్రా అండ్ మొహమ్మద్’గా మొదలై 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా పేరు మార్చుకున్న సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలోనే మన దేశంలో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది. పాత పేరులోని మొహమ్మద్... మాలిక్ గులాం మొహమ్మద్. తర్వాత ఆయనే పాకిస్థాన్ తొలి ఆర్థికమంత్రి!

మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలుసుకోవడం కష్టమేం కాదు. ముందువైపు జాలీలో నిలువు గాళ్లు లెక్కపెట్టండి. సాధారణంగా తొమ్మిదుంటే యుద్ధకాలపు సైనిక జీపు. ఏడుంటే పౌరుల కోసం చేసింది. బానెట్ బాగా ఎత్తుగా, ముక్కు పైకెత్తినట్టు ఉందా? అయితే అది మన ఊళ్లలో ఎక్కువగా కనిపించిన సీజే-3బి. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. అందులో గాలి లోపలికొచ్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికెళ్లేవి పక్కన బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది. అది పట్టాలంటే బానెట్ ఎత్తక తప్పలేదు.

ముందు ఇనప్పెట్టె తెరవండి

పానా పట్టుకునే ముందు ఆర్‌సీ వెతకండి. ఎవరి పేరు మీద ఉంది? యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రవాణాశాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్పించుకోవాలన్నది నిబంధన. ఆ గడువు దాటి ఏళ్లయితే ఏం చేయాలో ఆర్టీఏ కార్యాలయంలో అడగండి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ముందే ఒకమాట అనుకోవడం మంచిది. తుప్పు పట్టినన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేని జీపు, మెరిశాక అందరికీ కావాలనిపిస్తుంది మరి!

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన వాటికి 2021 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20 వేల రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. తర్వాత పొడిగింపునకు 5 వేలు. అయితే అలాంటి బండిని రోజువారీ అవసరాలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే రోడ్డెక్కాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ రూపురేఖలు మార్చి ఉండకూడదు. కాబట్టి కొత్త హంగులు అమర్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

అన్నట్టు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉన్నచోట గీకుడు రాయి తగలనివ్వొద్దు. తుప్పుతోపాటు అంకెలు కూడా పోతే అది మీ జీపేనని నిరూపించడం మీ తరం కాదు.

ఇంకో సంగతి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పొడిగించకుండా తుక్కుగా మార్చాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఆఫీసు ఆవరణలో ఏళ్ల తరబడి పడున్న జీపును వేలంలో కొని నడుపుకునే రోజులు పోయాయి. ఇళ్లలో మిగిలినవే మిగిలినట్టు.

బస్తాల్లో జీపు

కొత్తగా ఈ పనిలో దిగినవాళ్ల ఉత్సాహమంతా విప్పడంలోనే ఉంటుంది. మొదటి వారంలో బానెట్, రెండో వారంలో సీట్లు, మూడో వారంలో ఇంజిన్. ఆరు నెలలయ్యేసరికి జీపు ఉండదు... నాలుగు బస్తాల సామాను ఉంటుంది! ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. చివరికి ఆ బస్తాలే తుక్కు కొట్టుకు వెళతాయి. పెరట్లోని జీపుల్ని తుప్పు కంటే ఎక్కువగా చంపేది ఈ తొందరే.

అందుకే ఒకసారి ఒకే పని. అది పూర్తయి బిగించాకే రెండోది. విప్పే ప్రతిదాన్నీ ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. బోల్టుల్ని ఖాళీ సీసాల్లో వేసి, మీద చీటీ అంటించండి. ఈ రాతపని పిల్లలకు అప్పగిస్తే పెద్దవాళ్లకంటే శ్రద్ధగా చేస్తారు. పాత భాగం పాడైందని పారేయకండి. రేపు లేత్ షాపులో కొత్తది చేయించాలంటే నమూనా అదే.

ఇంజిన్ కంటే ముందు బ్రేకులు

చాలామంది మొదట ఇంజిన్ మీద పడతారు. ‘అసలు అందుకుంటుందో లేదో చూద్దాం’ అని. చిక్కంతా అక్కడే. ఇరవై ఏళ్ల తర్వాత ఇంజిన్ ఒక్కసారి డుగుడుగుమందంటే ఇంట్లో ఎవరూ ఆగరు. పిల్లలు వెనక ఎక్కేస్తారు. బామ్మగారు కూడా ‘గుడిదాకా తిప్పుకు రా నాయనా’ అంటారు. కాదనడం ఎవరి తరం? ఆ రోజుకి బ్రేకులు సిద్ధంగా లేకపోతే...

ఈ పాత జీపుల్లో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే వరస. డ్రైవరు కాళ్ల కింద, గచ్చు అడుగున ఉంటుంది. ఎక్కడ ఒక్కచోట కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. ఈ రోజుల్లోని కార్లలాగా రెండో వరస ఆదుకోదు. పైగా బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి కదలని బండిలో ఆ తేమ సిలిండర్లను లోపల్నుంచి తినేస్తుంది. రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనిపిస్తూ లోపల పూడుకుపోతాయి. కాబట్టి రబ్బరు భాగాలన్నీ మార్చాల్సిందే. తుప్పు పట్టిన ఇనుప పైపులు కూడా. బ్రేక్ ఆయిల్ బదులు మరే నూనె పోసినా రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి.

డ్రమ్ము విప్పగానే నోటితో దుమ్ము ఊదడం మనకు అలవాటు. ఆ పని చేయొద్దు. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచేయండి.

కొత్తవి బిగించాక పైపుల్లోని గాలి తీయాలి. ఇది ఇద్దరి పని. ఒకరు పెడల్ తొక్కితే మరొకరు చక్రం దగ్గర నిపుల్ వదులు చేసి బిగించాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. తర్వాత పెడల్‌ను నిమిషంపాటు గట్టిగా తొక్కిపట్టండి. మెల్లగా కిందికి దిగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. రోడ్డెక్కే ముందు అనుభవమున్న మెకానిక్‌కి ఓసారి చూపించండి. అందులో చిన్నతనమేమీ లేదు.

చేతి బ్రేకు సంగతీ తెలుసుకోవాలి. చాలా పాత జీపుల్లో అది చక్రాలను పట్టుకోదు. వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. ఆ షాఫ్టు విప్పినా, ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపినా చేతి బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే చక్రాలకు అడ్డు పెట్టకుండా, ఇనుప స్టాండ్లు లేకుండా, ఒట్టి జాకీనో ఇటుకల్నో నమ్మి బండి కిందికి దూరొద్దు. ఇటుక చెప్పి పగలదు.

నిద్రలేపడమూ ఓ కళే!

ఇప్పుడిక ఇంజిన్. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం సరికాదు. లోపల పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే విరుగుతాయి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. తర్వాత ముందున్న హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి. ప్లగ్గులు బిగించాక స్టార్ట్ చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఇంజిన్ ఎదురు తన్నిందంటే బొటనవేలు విరుగుతుంది. పాతతరం డ్రైవర్లనడిగితే కథలు కథలుగా చెబుతారు.

పెట్రోలు ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే! చిల్లు పడితే పెట్రోలు మీద కూర్చున్నట్టే. ఖాళీ చేశాం కదా అని దానికి వెల్డింగ్ పెట్టించొద్దు. లోపల మిగిలిన ఆవిరి చాలు, పేలిపోడానికి. ఆ పని తెలిసినవారికే వదిలేయాలి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, తేమను పట్టి ట్యాంకుకి తుప్పు తెస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు అడిగి వేయించండి. నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకు ఖాళీ చేసిపెట్టండి.

బ్యాటరీ కొనే ముందు మీ జీపు 6 వోల్టులదా, 12 వోల్టులదా చూసుకోండి. యుద్ధకాలపు వాటిలో ఉండేవి 6 వోల్టులే.

విడిభాగాల వేట

అమెరికాలో 1950ల నాటి షెవర్లే, ఫోర్డ్ పికప్‌లకు తలుపు రబ్బరు నుంచి ట్రక్కు అడుగు చెక్కల దాకా కొత్తవి కేటలాగ్ చూసి తెప్పించుకోవచ్చు. మనకి ఆ సుఖం తక్కువ. కానీ మన దగ్గర వేరే సంపద ఉంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో అరిగిన ముక్క చూపిస్తే ‘ఇది ఫలానా బండిది’ అని చెప్పే పెద్దలు ఉంటారు. దొరక్కపోతే లేత్ మీద చేసిచ్చే పనివాళ్లుంటారు. వాళ్ల దగ్గర కూర్చున్న ఒక పూట పది పుస్తకాల పెట్టు.

రంగు చిట్టచివర

తుప్పును చూసి కాదు, విని పట్టాలి. చిన్న సుత్తితో గచ్చు మీద తడుతూ వెళ్లండి. టంగుమంటే గట్టిది. డొక్కుగా పలికితే పైన రంగు తప్ప ఇనుము లేనట్టే. చాప కింద గచ్చు, దాని అడుగున పట్టీలు, కమాన్ కట్టలు బిగించే చోట్లు... ఇవి తప్పక చూడాలి. కుళ్లినదాన్ని కోసి కొత్త రేకు అతికించాలి తప్ప పుట్టీతో పూడ్చొద్దు. పుట్టీ వెనక తుప్పు దాక్కుని పెరుగుతుంది.

చివరగా రంగు. ఇక్కడా ఒక నిమిషం ఆగండి. అద్దంలా మెరిపించాలనే కోరిక సహజమే. కానీ వెనక రేకు మీది సొట్ట ఏ పెళ్లినాడు పడిందో, డాష్‌బోర్డు మీద చేత్తో రాయించిన దేవుడి పేరు ఎవరు రాయించారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. కొన్నింటిని బాగుచేయకపోవడమే బాగుచేయడం. కొత్త జీపు కావాలంటే షోరూములో దొరుకుతుంది. తాతగారిది దొరకదు.

రంగు వచ్చే ఏడాది వేసుకోవచ్చు. తొందరేం లేదు. బ్రేకుల సంగతి మాత్రం ఈ ఆదివారమే చూడండి.