రెండు ఋతుపవనముల నడుమ

సంవత్సరపు మొత్తము వర్షపాతమును మాత్రమే చూచి ఒక పట్టణమును మఱియొకదానితో పోల్చువారు తఱచుగా పొరబడుదురు. మా కోరుకొండ మెట్టకు దిగువనున్న రాజమహేంద్రవరమునందును, దక్షిణమున నెల్లూరునందును ఏటేట కురియు వాన ఇంచుమించు సమానమే. రెండుచోట్లను అది 1,100 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అయినను ఇచ్చట మృగశిర కార్తెలోనే తొలకరి పలుకరింపగా, నెల్లూరి చెరువులు నిండుటకు స్వాతి, విశాఖ కార్తెలు రావలసియుండును.

జూన్ ఆరంభమున కేరళ తీరమును తాకు నైఋతి ఋతుపవనము, పడమటి కనుమల నెక్కుచు చల్లబడి, తన తేమలో అధికభాగమును ఆ పడమటి వాలుననే విడిచివేయును. కనుమల చాటుననున్న అనంతపురమునకు ఏడాది పొడవునను దక్కునది సుమారు 550 మిల్లీమీటర్లే యగుటకు ముఖ్యకారణ మిదియే. గోదావరి మండలమును ఆదుకొనునది బంగాళాఖాతము. జూలై, ఆగస్టు మాసములలో దాని ఉత్తరభాగమున పుట్టిన అల్పపీడనములు ఒడిశా తీరమును దాటి వాయవ్యదిశగా సాగుచు, తమ నైఋతి పార్శ్వమున మెండుగా వర్షించును. ఆ పార్శ్వమున మన మున్నాము. కావుననే మన వానలో దాదాపు మూడింట రెండువంతులు సెప్టెంబరు ముగియులోపలనే కురియుచున్నది. మఱింత లోపలనున్న హైదరాబాదునకు మొత్తము 800 మిల్లీమీటర్ల ప్రాంతమే యైనను, అందు ముప్పాతిక ఈ నాలుగు నెలలదే.

అక్టోబరునందు అల్పపీడన ద్రోణి దక్షిణమునకు జరుగగా, గాలి ఈశాన్యమునుండి మరలి, సముద్రముమీదుగా వచ్చుచు తేమను గ్రోలి, నెల్లూరు మొదలు తమిళదేశపు తీరమంతటిని తడుపును. నెల్లూరి వానలో సగమునకు మించినది అప్పటిదే. మనకును అందు కొంత పాలు కలదు. కాని అది కోతకు వచ్చిన వరిమీద పడు వాన. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడ చెంత తీరము దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసిన సంగతిని ఈ ప్రాంతమువారు మఱువజాలరు.

ధవళేశ్వరపు కాలువలున్న డెల్టాకు ఎగువ మహారాష్ట్రమున కురిసిన వానయు అక్కఱకు వచ్చును. కాలువ నీరందని మెట్టచేనికి తనమీద పడిన చినుకే దిక్కు. పుష్యమి, ఆశ్లేష కార్తెలలో ఇరువది దినములు వాన వెనుదీసినచో, ఆ కొఱతను చిత్త కార్తెలోని కుంభవృష్టి తీర్పజాలదు. ఏడాది చివరి లెక్కలో మాత్రము అది సమవృష్టి సంవత్సరముగానే నిలుచును. మండలమునకొక వర్షమాపకముండిన చాలదు. అందలి లెక్కలను కార్తెలవారీగా విభజించి, విత్తనము వేయకముందే రైతునకు తెలియునట్లు ప్రతి గ్రామమునను ప్రకటింపవలెను.