ఇసుకను బట్టి జల్లెడ: సముద్రపు చిన్న గ్యాస్ క్షేత్రాలలో బావుల నిర్మాణం

సముద్రగర్భంలో సహజవాయువు తగిలినంత మాత్రాన బావి సిద్ధమైనట్లు కాదు. రిగ్ తవ్విన రంధ్రాన్ని ఏళ్ల తరబడి భద్రంగా వాయువునిచ్చే మార్గంగా తీర్చిదిద్దే పనులన్నిటినీ కలిపి చమురు పరిశ్రమలో ‘వెల్ కంప్లీషన్’ అంటారు. రంధ్రపు గోడ కూలకుండా దించి సిమెంటుతో బిగించే ఉక్కు గొట్టం కేసింగ్, దాని లోపల వాయువును పైకి తెచ్చే సన్నని గొట్టం ట్యూబింగ్, ఆ రెంటి నడుమ సందును మూసేది ప్యాకర్, ప్రమాదవేళ ప్రవాహాన్ని ఆపేది సేఫ్టీ వాల్వ్.

చిన్న క్షేత్రానికి సముద్రంలో ప్రత్యేక వేదిక కట్టడం గిట్టుబాటు కాదు కనుక, బావి తలను సముద్రపు అడుగునే ఉంచి, పైపులైనుతో తీరానికో సమీపంలోని పాత వ్యవస్థకో కలుపుతారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ వశిష్ఠ, ఎస్-1 క్షేత్రాల వాయువును కోనసీమలోని ఓడలరేవుకు ఇలాగే చేర్చింది. అయితే అలాంటి బావి చెడితే, రోజుకు కోట్ల రూపాయల అద్దె పలికే నౌకను రప్పించాలి. నిల్వ కొద్దిగా ఉన్నచోట ఒక్క మరమ్మతే లాభమంతటినీ మింగగలదు.

ఈ బేసిన్‌లో పెద్ద చిక్కు ఇసుక. 2009 ఏప్రిల్‌లో వాయువు ఉత్పత్తి మొదలై, మరుసటి ఏడు రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి చేరిన కేజీ-డీ6 బ్లాకులో, పీడనం తగ్గి, నీరూ ఇసుకా చొరబడడంతో బావులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అందులోని డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి.

పొందూరు ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి, దూది పోగును నిలిపి చెత్తను వేరుచేస్తారు. బావి అడుగున అమర్చే ఇసుక తెర కూడా వాయువును వదిలి రేణువును ఆపవలసినదే. రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటే ఆ తెర ఒక్కటే చాలవచ్చు. సన్నవీ ముతకవీ కలిసి ఉంటే, తెర చుట్టూ కొలిచి ఎంచిన గులకను నింపే ‘గ్రావెల్ ప్యాక్’ మేలు. సందు పెద్దదైతే ఇసుక దూరి వాల్వులను అరగదీస్తుంది, మరీ చిన్నదైతే తెరే పూడుకుపోతుంది.

ఇసుకరాయే అయినా బిగుతుగా ఉన్నచోట సమస్య తలకిందులవుతుంది. ఇదే బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ 2005లో కనుగొన్న దీన్‌దయాళ్ క్షేత్రంలో పీడనమూ ఉష్ణోగ్రతా అధికమే అయినా రాతి రంధ్రాలు వాయువును సులభంగా వదలవు. అక్కడ తీవ్ర పీడనంతో ద్రవాన్ని పంపి రాతిని చీల్చే పద్ధతి అవసరమైంది. 2017లో దానిలో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొనుగోలు చేసింది.

ట్యూబింగ్ వ్యాసమూ తేలికగా తీసుకోదగినది కాదు. వెడల్పు ఎక్కువైతే తొలినాళ్లలో ప్రవాహం పెరిగినా, పీడనం తగ్గిన తరువాత వాయువుకు నీటిని ఎత్తే వేగం చాలక, అడుగున చేరిన నీరే బావిని అణచివేస్తుంది.

కాబట్టి పనిముట్ల ధరలను పోల్చడానికి ముందే రాతి నమూనాలలోని రేణువులను కొలిచి, పరీక్షా ప్రవాహంలో పీడనం తగ్గే తీరును గమనించి, నీరు ఎటునుంచి ఎప్పుడు చేరగలదో అంచనా వేయాలి. ఆ లెక్క తేలనిచోట, పొరుగు క్షేత్రపు పైపులైను సమీపించేదాకా ఆ నిల్వను తాకకుండా ఉంచడమూ సరైన నిర్ణయమే.